ఆపరేషన్ తర్వాత మూత్రం ఆగిందా? ‘కిడ్నీ పోయింది’ అనుకునే ముందు బ్లాడర్‌ని చూడాలి

ఆపరేషన్ అయిన పేషెంట్ పక్కన రాత్రంతా మేలుకుని కూర్చునేది ఇంట్లో వాళ్లే. సెలైన్ అయిపోయిందా, జ్వరం ఉందా, నొప్పి తగ్గిందా అని మాటిమాటికీ చూస్తారు. మంచానికి వేలాడే యూరిన్ బ్యాగును మాత్రం పెద్దగా పట్టించుకోరు. అది నిండితే ఆయాను పిలుస్తారు. నిండకపోతే ‘నీళ్లు తక్కువ తాగారేమో’ అనుకుని ఊరుకుంటారు. నిజానికి ఆపరేషన్ తర్వాత వచ్చే కొన్ని పెద్ద ప్రమాదాలు మొట్టమొదట బయటపడేది ఆ బ్యాగులోనే.

మూత్రం ఆగిపోయి, కడుపు ఉబ్బి, రక్త పరీక్షలో క్రియాటినిన్ పెరిగితే వార్డులో మొదట వినపడే మాట ‘కిడ్నీ’. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కానీ కొద్దిమందిలో కిడ్నీలు బాగానే ఉంటాయి, తేడా మూత్రాశయంలో ఉంటుంది. మూత్రాశయాన్నే మనం బ్లాడర్ అంటాం, ఉర్దూలో మసానా. అక్కడ చిన్న రంధ్రం పడి మూత్రం కడుపులోకి కారుతూ ఉండొచ్చు, లేదా రక్తపు గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. ఇవి అరుదు. అరుదు కాబట్టే ఆలస్యంగా గుర్తిస్తారు. ఆ ఆలస్యమే ప్రాణం మీదికి తెస్తుంది.

మసానా పని ఏమిటి?

రెండు కిడ్నీలు తయారు చేసిన మూత్రం రెండు సన్నని గొట్టాల ద్వారా మూత్రాశయంలోకి దిగుతుంది. ఇది కండరంతో చేసిన సంచి. పెద్దవాళ్లలో మామూలుగా 400 నుంచి 600 మి.లీ. వరకు పడుతుంది. 200, 300 మి.లీ. చేరేసరికి ‘వెళ్లాలి’ అనే కబురు నరాల ద్వారా మెదడుకు అందుతుంది.

ఈ సంచి పైభాగం మిగతా భాగాల కంటే బలహీనం. దాని పైన పేగులను చుట్టి ఉండే పల్చటి పొర పరచుకుని ఉంటుంది. కాబట్టి పైభాగంలో చిరిగితే మూత్రం నేరుగా పేగులుండే చోటికి వెళ్తుంది. పక్కల్లోనో కిందనో చిరిగితే మూత్రం ఆ చుట్టుపక్కల కొవ్వు, కండరాల మధ్యనే నిలుస్తుంది. మొదటి రకం ఎక్కువ ప్రమాదం. ఈ రెండింటికీ చికిత్స కూడా వేరు.

ఎవరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

మన ఇళ్లకు దగ్గరగా ఉన్న సంగతి సిజేరియన్. గర్భసంచి కింది భాగానికి ముందువైపు ఆనుకునే మూత్రాశయం ఉంటుంది. మొదటి సిజేరియన్‌లో బ్లాడర్‌కు గాయం కావడం చాలా తక్కువ. రెండోది, మూడోది అయ్యేకొద్దీ పాత కుట్ల దగ్గర గర్భసంచి, బ్లాడర్ అతుక్కుపోతాయి. వాటిని విడదీసేటప్పుడు బ్లాడర్ చిరిగే అవకాశం పెరుగుతుంది. మొత్తం మీద వెయ్యి సిజేరియన్లలో రెండు, మూడింటిలో ఇలా జరుగుతుందని అంచనా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశం మొత్తం మీద కాన్పుల్లో 21.5 శాతం సిజేరియన్లు. తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. కాబట్టి దేశానికి అరుదైన సమస్యే అయినా, మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

తర్వాత చెప్పుకోవాల్సింది గర్భసంచి తీసేసే ఆపరేషన్. ప్రోస్టేట్ ఆపరేషన్, బ్లాడర్‌లో గడ్డ గీకి తీసే ఆపరేషన్, పెద్దపేగు కింది భాగం ఆపరేషన్లు, పొత్తికడుపులో చేసే ల్యాపరోస్కోపీ కూడా ఈ లిస్టులోవే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఎప్పుడో రేడియేషన్ తీసుకున్న వాళ్ల బ్లాడర్ గోడ ఏళ్ల తర్వాత కూడా బలహీనంగానే ఉంటుంది. అలాంటి వాళ్లు ఏ ఆపరేషన్‌కు వెళ్లినా ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి.

ముందుగా వచ్చేది: మూత్రం నిలిచిపోవడం

ఇది అరుదు కాదు. వెన్నులో మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్లలో, ముఖ్యంగా మొలలు, హెర్నియా ఆపరేషన్ల తర్వాత తరచూ కనపడుతుంది. వయసు మళ్లిన మగవాళ్లు, ప్రోస్టేట్ ఉబ్బిన వాళ్లు, చాలా ఏళ్లుగా షుగర్ ఉన్న వాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. వెన్నులో మత్తు ఉన్నంతసేపు బ్లాడర్ నిండిన సంగతి మెదడుకు చేరదు. బలమైన నొప్పి ఇంజెక్షన్లు కూడా కండరాన్ని మందగింపజేస్తాయి. అందుకే లోపల లీటరు మూత్రం ఉన్నా ‘నాకేం రావట్లేదు’ అనే అంటారు పేషెంట్.

బ్లాడర్ అలా గంటల తరబడి సాగిపోయి ఉంటే దాని కండరం దెబ్బతింటుంది. కొందరికి తర్వాత కొన్ని వారాల పాటు మూత్రం సరిగా రాదు. ముందే బలహీనంగా ఉన్న బ్లాడర్ అయితే చిరిగే ప్రమాదం కూడా ఉంది.

ఇక్కడ మోసం చేసేది ఒకటుంది. పేషెంట్ పది నిమిషాలకోసారి బాత్రూమ్‌కు వెళ్లి కొంచెం కొంచెం పోసి వస్తుంటారు. ఇంట్లో వాళ్లు ‘మూత్రం వస్తోంది కదా’ అని ధీమాగా ఉంటారు. అది నిండిన కుండ పొర్లడం లాంటిది. లోపల సంచి నిండుగానే ఉంటుంది. పొత్తికడుపు గట్టిగా, ఉబ్బెత్తుగా తగులుతుంటే సిస్టర్‌కు చెప్పాలి. మంచం దగ్గరే చేసే చిన్న స్కాన్‌తో లోపల ఎంత ఉందో నిమిషాల్లో తెలుస్తుంది. పైపు వేస్తే సమస్య తీరిపోతుంది.

కిడ్నీ ఫెయిల్యూర్‌లా కనపడే బ్లాడర్ లీకు

ఈ వ్యాసంలో గుర్తుంచుకోవాల్సిన ముఖ్య విషయం ఇదే.

మూత్రాశయం పైభాగంలో రంధ్రం పడి మూత్రం కడుపులోకి కారుతుందనుకుందాం. కడుపు లోపలి పొరకు ఒక గుణం ఉంది. అది తనకు తగిలిన ద్రవంలోని లవణాలను, వ్యర్థాలను పీల్చి రక్తంలోకి పంపగలదు, రక్తంలోవి బయటికి కూడా వదలగలదు. కిడ్నీ పేషెంట్లకు ఇంట్లోనే కడుపులోకి ద్రవం ఎక్కించి చేసే డయాలసిస్ ఈ గుణం మీదే నడుస్తుంది. బ్లాడర్ లీకయినప్పుడు ఇదే పని ఎదురు దిశలో జరుగుతుంది. కిడ్నీలు కష్టపడి బయటికి పంపిన యూరియా, క్రియాటినిన్, పొటాషియం మళ్లీ రక్తంలోకి చేరిపోతాయి.

రక్త పరీక్ష రిపోర్టు చూస్తే క్రియాటినిన్ పెరిగి ఉంటుంది. యూరియా పెరిగి ఉంటుంది. బ్యాగులో మూత్రం తక్కువ. ఎవరు చూసినా ‘కిడ్నీలు పాడయ్యాయి’ అనే అంటారు. కొన్నిసార్లు డయాలసిస్ దాకా మాట వెళ్తుంది. అసలు కిడ్నీలు మాత్రం పూర్తిగా పనిచేస్తూనే ఉంటాయి. బ్లాడర్‌లో సరైన పైపు పెట్టి, చిరుగును బాగుచేస్తే క్రియాటినిన్ ఒకటి రెండు రోజుల్లోనే దిగడం మొదలవుతుంది.

ఎందుకు దొరకదు? ఆపరేషన్ అయ్యాక కడుపు నొప్పి సహజం అనుకుంటాం. నొప్పి మందులు అసలు బాధను కప్పేస్తాయి. ఇన్ఫెక్షన్ లేని మూత్రం మొదటి రోజు రెండు రోజులు పెద్దగా మంట పుట్టించదు. పైపు ఉన్నంతవరకు కొంత మూత్రం బ్యాగులోకి వస్తూనే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. పైపు తీశాక బ్లాడర్ నిండినప్పుడు లీకు బయటపడుతుంది. ల్యాపరోస్కోపీలో కరెంటు పరికరం వేడి తగిలిన చోట అయితే ఆ రోజు ఏమీ ఉండదు. కొన్ని రోజుల తర్వాత ఆ భాగం ఊడి రంధ్రం పడుతుంది. అప్పటికి పేషెంట్ డిశ్చార్జి అయి ఇంట్లో ఉంటారు. అందుకే ఇంటికి వచ్చాక కూడా రెండు వారాలు గమనించాలి.

ప్రోస్టేట్ ఆపరేషన్: జమా–ఖర్చు లెక్క

ప్రోస్టేట్‌ను మూత్రనాళం గుండా గీకి తీశాక మూడు దారులున్న పైపు వేస్తారు. ఒక దారిలో సెలైన్ లోపలికి వెళ్తుంది, ఒక దారిలో కడిగిన నీరు మూత్రంతో కలిసి బయటికి వస్తుంది. మూడోది లోపలి బెలూన్‌ను ఉబ్బించడానికి. రక్తం గడ్డ కట్టకుండా కడుగుతూ ఉండటమే దీని పని.

ఇక్కడ అటెండెంట్‌కు కావాల్సింది దుకాణం లెక్కంత సులువైన లెక్క. లోపలికి వెళ్లింది జమా, బయటికి వచ్చింది ఖర్చు. మూడు లీటర్లు లోపలికి వెళ్తే మూడు లీటర్లకు పైనే బయటికి రావాలి, ఎందుకంటే కిడ్నీలు తయారు చేసిన మూత్రం కూడా అందులో కలుస్తుంది. మూడు వెళ్లి రెండే వస్తే మిగతా లీటరు లోపలే ఉన్నట్టు. రక్తపు గడ్డ అడ్డుపడి బ్లాడర్ ఉబ్బుతూ ఉండొచ్చు, లేదా చిరుగు గుండా కడుపులోకి పోతూ ఉండొచ్చు. రెండూ ఎమర్జెన్సీలే. సిస్టర్‌ను వెంటనే పిలవాలి. ఆ సెలైన్‌ను ఆపాలా, పైపును కడగాలా అన్నది వాళ్లు చూసుకుంటారు.

రంగు కూడా చూడాలి. పలచని గులాబీ రంగు మొదటి రోజు మామూలే. దానిమ్మ రసంలా చిక్కగా మారినా, గడ్డలు గడ్డలుగా వచ్చినా, ఒక్కసారిగా ఆగిపోయినా చెప్పెయ్యాలి.

షుగర్ పేషెంట్లలో ఇంకో ప్రమాదం

షుగర్ అదుపులో లేని వాళ్లకు, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లకు, పైపు చాలా రోజులు ఉంటే అరుదుగా ఒక రకం ఇన్ఫెక్షన్ వస్తుంది. క్రిములు బ్లాడర్ గోడలోనే గ్యాస్ పుట్టిస్తాయి. మూత్రంలో బుడగలు రావడం, రక్తం పడటం, పొత్తికడుపు నొప్పి, జ్వరం దీని గుర్తులు. సీటీ స్కాన్‌లో స్పష్టంగా తెలుస్తుంది. త్వరగా పట్టుకుంటే యాంటీబయాటిక్, పైపు, షుగర్ కంట్రోల్‌తోనే చాలామందికి తగ్గుతుంది. ఆలస్యమైతే విషం రక్తంలోకి పాకుతుంది.

ఆడవాళ్లు చెప్పుకోలేని సమస్య

గర్భసంచి ఆపరేషన్ లేదా కష్టమైన కాన్పు అయిన వారం, రెండు వారాలకు కొందరికి యోని దారిలో నీళ్లలా కారుతూ ఉంటుంది. బట్టలు తడుస్తాయి. వాసన వస్తుంది. బ్లాడర్‌కు, యోనికి మధ్య రంధ్రం పడితే ఇలా అవుతుంది. ‘తెల్లబట్టలే’ అని సర్దుకుపోతారు, సిగ్గుతో అత్తకూ చెప్పరు, భర్తకూ చెప్పరు. నమాజు వదిలేసి మూల కూర్చుంటారు. ఇది ఆమె తప్పు కాదు, దీనికి చికిత్స ఉంది. చిన్న రంధ్రమైతే ముందే పట్టుకుని కొన్ని వారాలు పైపు ఉంచితే కొందరిలో తనంతట తానే మూసుకుంటుంది. లేదంటే ఆపరేషన్‌తో సరిచేస్తారు. మగ డాక్టర్‌కు చెప్పడానికి ఇబ్బందైతే లేడీ డాక్టర్‌ను, సిస్టర్‌ను అడగొచ్చు. అమ్మీ, ఖాలా ఎవరైనా సరే, ఒక్కరికైనా చెప్పాలి.

ఖత్నా తర్వాత పిల్లలు

ఖత్నా చిన్న పనే అయినా ఆపరేషనే. కట్టు మరీ బిగుతుగా కట్టినా, ప్లాస్టిక్ రింగ్ జారి బిగుసుకున్నా మూత్రం దారి మూసుకుపోతుంది. నొప్పికి భయపడి కూడా పిల్లలు ఆపుకుంటారు. 6 నుంచి 8 గంటలు దాటినా మూత్రం పోయకపోయినా, ముక్కుతూ ఏడుస్తున్నా, బొడ్డు కింద ఉబ్బు తగులుతున్నా, అంగం కొన నీలంగా మారినా తెల్లారే దాకా ఆగొద్దు. ఎవరి దగ్గర చేయించారన్న మొహమాటం పెట్టుకోకుండా పిల్లల డాక్టర్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఈ గుర్తులు కనపడితే ఆగొద్దు

• పైపు ఉండి కూడా బ్యాగులో మూత్రం పడకపోవడం. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మి.లీ. రావాలి. అంటే నాలుగు గంటలకు 120 మి.లీ., దాదాపు ఒక చాయ్ కప్పు.
• పైపు తీశాక ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, లేదా చుక్కలు చుక్కలుగా రావడం.
• మూత్రంలో రక్తం తగ్గకుండా పెరుగుతూ ఉండటం, గడ్డలు రావడం.
• కడుపు రోజురోజుకూ ఉబ్బడం, తాకితే నొప్పి, వాంతులు.
• కుట్ల దగ్గర నుంచో, డ్రెయిన్ గొట్టం నుంచో నీళ్లలాంటి ద్రవం ఆగకుండా కారడం.
• క్రియాటినిన్ పెరగడం, దానితో పాటే కడుపు ఉబ్బి ఉండటం.
• జ్వరం, చలి, మాట తడబడటం, గుండె దడ, బీపీ పడిపోవడం.

అర్ధరాత్రి సిస్టర్‌కు ఎలా చెప్పాలి?

‘ఏదో తేడాగా ఉంది, ఒకసారి చూడండి’ అంటే పని జరగదు. లెక్కతో చెప్పాలి. ‘సిస్టర్, రాత్రి పది గంటల నుంచి బ్యాగులో 50 మి.లీ. కూడా పడలేదు. రెండు సెలైన్లు వెళ్లాయి. కడుపు సాయంత్రం కంటే ఉబ్బింది. పైపు మూసుకుపోయిందేమో చూసి, డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి.’ ఇలా చెబితే ఎవరూ తేలిగ్గా తీసుకోరు. ఫోన్‌లోనో, చిన్న కాగితం మీదో గంట, మి.లీ., రంగు రాసి పెట్టుకుంటే ఇంకా మంచిది. పెద్ద డాక్టర్ రౌండ్స్‌కు వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: ‘క్రియాటినిన్ పెరగడానికి బ్లాడర్ లీకు కారణం కాదని చూశారా సార్?’ ఇది డాక్టర్‌ని తప్పుపట్టడం కాదు, అడగాల్సిన ప్రశ్నే.

అటెండెంట్ చేయగలిగింది కొంచెమే. పైపు మెలిక పడిందా, పేషెంట్ తొడ కింద నలిగిందా చూడొచ్చు. బ్యాగు ఎప్పుడూ మంచం కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. అంతకు మించి చేయొద్దు. పైపు లాగొద్దు, లోపల నీళ్ల బెలూన్ ఉంటుంది. సిరంజితో సొంతంగా కడగొద్దు. మూత్రం రావాలని బిందెడు నీళ్లు తాగించొద్దు. మందుల షాపులో అడిగి మూత్రం వచ్చే మాత్ర వేయొద్దు. దారి మూసుకుపోయినప్పుడు, సంచి చిరిగినప్పుడు ఇవన్నీ హాని చేస్తాయి.

పరీక్షలు, చికిత్స

మామూలు అల్ట్రాసౌండ్‌లో కడుపులో నీరుందని తెలుస్తుంది, అది మూత్రమో కాదో తెలియదు. సూదితో కొంచెం తీసి అందులో క్రియాటినిన్ చూస్తారు. రక్తంలో కంటే ఆ నీటిలో చాలా ఎక్కువ ఉంటే అది మూత్రమే. చిరుగు ఎక్కడుందో పట్టించేది సీటీ సిస్టోగ్రామ్. పైపు గుండా కనీసం 300 మి.లీ. మందు నీళ్లు బ్లాడర్‌లోకి నింపి స్కాన్ తీస్తారు. చేతి నరానికి మందు ఎక్కించి తీసే మామూలు సీటీలో చిన్న చిరుగు తప్పిపోవచ్చు.

కడుపులోకి చిరిగితే సాధారణంగా ఆపరేషన్ చేసి కుడతారు. బయటివైపు చిరిగితే చాలామందికి పది రోజుల నుంచి మూడు వారాల దాకా పైపు ఉంచితే మానిపోతుంది. ఆపరేషన్ బల్ల మీదే గుర్తిస్తే ఇంకా సులువు. అక్కడికక్కడే రెండు పొరలుగా కుట్టేస్తారు, పైపు వారం రెండు వారాలు ఉంటుంది, ఎక్కువ మంది పూర్తిగా కోలుకుంటారు. బ్లాడర్‌కు గాయమైన ప్రతిసారీ అది డాక్టర్ నిర్లక్ష్యమే కానక్కర్లేదు. జరిగింది దాచకుండా చెప్పడం, వెంటనే సరిచేయడం ముఖ్యం.

పైపు, నమాజు

బ్లాడర్ కుట్టాక పైపు రోజుల తరబడి ఉండాలి. ‘మూత్రం సంచితో నమాజు ఎలా?’ అని పెద్దవాళ్లు త్వరగా తీసేయమని ఒత్తిడి చేస్తారు. కుట్లు మానకముందే తీస్తే అదే చోట మళ్లీ ఊడుతుంది. ఇలాంటి పేషెంట్‌ను ఫిఖహ్‌లో మాజూర్‌గా చూస్తారు. హనఫీ మస్లక్‌లో ఒక్కో నమాజు వక్తుకు కొత్తగా వజూ చేసుకుని చదువుకోవచ్చు. వివరాలు మీ మసీదు ఇమామ్ సాబ్‌ని అడిగి తెలుసుకోండి, పైపు మాత్రం డాక్టర్ చెప్పినప్పుడే తీయించండి.

డిశ్చార్జి రోజున

ఇంటికి వచ్చే ముందు పేషెంట్ సొంతంగా మూత్రం పోశారా, బ్లాడర్‌లో ఎంత మిగిలిందో చూశారా అడగండి. రాత్రి ఇబ్బందైతే ఏ నంబర్‌కు ఫోన్ చేయాలో రాయించుకోండి. ఆపరేషన్ నోట్సు కాపీ అడగండి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం పేషెంట్ అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. వేరే ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే ఆ కాగితమే సగం పని చేసిపెడుతుంది.

హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలో, ఆంధ్రలో విశాఖ కేజీహెచ్, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో యూరాలజీ విభాగాలున్నాయి. పరిస్థితి విషమిస్తే 108కి ఫోన్ చేయాలి. ఖర్చు గురించి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగొచ్చు. ఆసుపత్రికి వెళ్లగానే ఆపరేషన్ ఏ రోజు అయింది, మూత్రం ఎప్పటి నుంచి తగ్గింది, కడుపు ఎప్పుడు ఉబ్బింది అనే మూడు మాటలు ముందు చెప్పాలి. మిగతా కథ తర్వాత చెప్పినా పర్వాలేదు.